విప్పడానికి గన్ను, బిగించడానికి చెయ్యి: ఒక జేసీబీ బూమ్ డైరీ

1వ రోజు

బండి తనంతట తాను నడిచే షెడ్డుకి వచ్చింది. అంటే ఇంజను, గేర్‌బాక్సు జోలికి వెళ్ళక్కర్లేదు. జబ్బంతా వెనక చేతిలో ఉంది. బకెట్టు పట్టుకుని ఊపితే పక్కకి జానెడు కదులుతోంది. బండి వైపు ఉండే లావు చెయ్యి బూమ్, దాని చివర బకెట్టు పట్టుకునేది ఆర్మ్. ఆ రెండిటి మధ్య కీలు దగ్గర పిన్నూ (కీలు తిరిగే లావు కడ్డీ), దాని చుట్టూ ఉండే గొట్టాల్లాంటి బుష్షులూ అరిగిపోయాయి. బూమ్ సిలిండర్ రాడ్డు వెంట నూనె కారి, దానికి ఇసుక అంటుకుని గరుకు కాగితంలా ఉంది.

ఇది బ్యాక్‌హో లోడర్. మా నరసన్నపేట చుట్టుపక్కల ముందొక బకెట్టు, వెనకొక బకెట్టు ఉంటే చాలు, ఏ కంపెనీదైనా జేసీబీయే. మీటరు పద్నాలుగు వేల గంటలు దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటాక ఈ బండి రోజుల తరబడి ఉద్దానంలో కూలిన కొబ్బరి చెట్లు లాగింది. తవ్వడానికి చేసిన చేతిని పక్కకి లాగడానికి వాడితే పిన్ను ఒకవైపే అరుగుతుంది. అప్పుడు వేరే దారి లేదు కాబట్టి ఎవర్నీ తప్పు పట్టను. తర్వాత సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులు తవ్వింది. మిగిలిన పని ఉప్పుగాలి చేసింది.

ఓనరు గారికి తొందర. వంశధార ఎడమ కాలువకి నీళ్ళు వదిలే లోపు పిల్ల కాలువల్లో పూడిక తియ్యాలట.

"పది రోజులు సాల్తాయా మేస్త్రీ?"

"పిన్ను మాటిస్తే నేనూ మాటిస్తాను బాబూ."

ఈ డైరీ మా షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడి కోసం మొదలుపెట్టాను. ఐటీఐ చదివాడు, తెలివైనవాడు. ఒకటే లోపం. చేతికి బోల్టులు తిప్పే ఛార్జింగ్ గన్ను వచ్చిన దగ్గర్నుంచి టీ గ్లాసు తప్ప అన్నీ దాంతోనే విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు.

సాయంత్రం బకెట్టు నేల మీద ఆనించి, ఇంజను ఆపి, లివర్లన్నీ అటూ ఇటూ కదిపి లైన్లలో ప్రెషర్ వదిలేశాం. బ్యాటరీ వైరు తీసేశాం. బూమ్ కింద, ఆర్మ్ కింద చెక్క దిమ్మలు పెట్టాం. జాకీ మీద నమ్మకంతో బూమ్ కింద దూరే పని మా షెడ్డులో లేదు.

2వ రోజు

పిన్నుకి ఒక చివర చెవిలాంటి ప్లేటు ఉంటుంది. అది తిరగకుండా ఎం12 (12 మిల్లీల లావు) లాకు బోల్టు ఒకటి పట్టుకుని ఉంటుంది. దాన్ని గన్నుతోనే విప్పాం. తుప్పు పట్టిన బోల్టుకి గన్ను మంచి మందు. పానా మీద బలంగా ఒకేసారి లాగితే బోల్టు మెలి తిరిగి తెగొచ్చు. గన్ను నిమిషానికి వెయ్యికి పైగా చిన్న చిన్న దెబ్బలు కొడుతుంది, ఆ అదురుకి తుప్పు వదులుతుంది.

బోల్టు చేతిలోకి వచ్చాక కుర్రాడికి చూపించాను. మెడ దగ్గర నడుము సన్నబడి ఉంది. మరలు కూడా ఒకదానికొకటి దూరం జరిగాయి. ఇంతకుముందు ఎవరో దీన్ని గన్నుతో బిగించారు. బోల్టు ఒక స్ప్రింగు లాంటిది. కొంతవరకు సాగి మళ్ళీ లాగి పట్టుకుంటుంది, ఆ లాగుడే పట్టు. గీత దాటి సాగితే మళ్ళీ వెనక్కి రాదు. చూడ్డానికి బిగుతుగానే ఉంటుంది గానీ పని చెయ్యదు.

తర్వాత అసలు పిన్ను. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాను. ఎనిమిది కిలోల సమ్మెటతో మొదటి పది దెబ్బలకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక్కడ ఒక మాట. పిన్ను పైపొర గట్టి చేసిన ఉక్కు, సమ్మెట మొహం కూడా గట్టి ఉక్కే. రెండూ నేరుగా కొట్టుకుంటే పెచ్చు లేస్తుంది, అది తుపాకీ గుండులా పోతుంది. అందుకే మధ్యలో మెత్తటి ఇనుప కడ్డీ పెట్టి కొట్టాలి. కడ్డీ చివర పుట్టగొడుగులా విచ్చుకుంటే గ్రైండరుతో అంచులు తీసేయాలి. నా ఎడమ మోచేతి పైన ఒక పెచ్చు ఇప్పటికీ చర్మం కింద తగులుతుంది. పదిహేడేళ్ళప్పటిది.

మధ్యాహ్నం చోడంబలి తాగి, బూమ్ చెవిని గ్యాస్ మంటతో వేడి చేశాం. పిన్ను చల్లగా, చెవి వేడిగా ఉండాలి. రెండిటినీ కలిపి వేడి చేస్తే రెండూ కలిపి పెరుగుతాయి, లాభం లేదు. నాలుగో విడత వేడికి సమ్మెట చప్పుడు మారింది. అంతవరకు టంగ్ టంగ్ అన్నది, ఒక దెబ్బకి థడ్ అంది. కుర్రాడికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. ఇంకో అరగంటకి పిన్ను బయటికి వచ్చింది. ఒక పక్క వేలి గోరు దిగేంత మెట్టు పడి ఉంది.

3వ రోజు

పొద్దున్నే కరెంటు పోయింది. కంప్రెసరు లేదు, ఛార్జరు లేదు. ఉన్న రెండు బ్యాటరీల్లో ఒకటి ఎండలో ఉండిపోయి వేడెక్కింది. కరెంటు వచ్చాక పెడితే ఛార్జరు ఎర్ర లైటు వెలిగించి మొండికేసింది. బ్యాటరీ చల్లబడే దాకా అది ఛార్జి ఎక్కించదు. కుండ పక్కన తడి గోనె ఉంటే దాని నీడలో పెట్టాం. గోనె మీద కాదు, నీడలో. గంటకి దారిలోకి వచ్చింది.

పెద్ద గాలి గన్ను ఒకటి ఉంది గానీ మా చిన్న కంప్రెసరుకి దాని దాహం తీరదు. నాలుగు దెబ్బలు కొట్టి నీరసపడుతుంది.  

ఇప్పుడు బుష్షులు. ఆర్మ్ తలలో రెండు వైపులా రెండు. ఉలితో చీల్చొచ్చు, గానీ ఉలి జారితే కన్నానికి గాటు పడుతుంది. మా మేస్త్రి నేర్పిన కిటుకు ఉంది. బుష్షు లోపలి గోడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా వెల్డింగ్ గీత ఒకటి, ఎదురుగా ఇంకొకటి లాగి టీకి వెళ్ళిపోవాలి. చల్లారేటప్పుడు వెల్డు ముడుచుకుంటూ బుష్షుని కూడా లోపలికి లాక్కుంటుంది. టీ తాగి వచ్చాక రెండు దెబ్బలకి ఒకటి కింద పడింది. రెండోదానికి ఇంకో గీత కావలసి వచ్చింది.

వెల్డింగుకి ముందు ఎర్తు క్లాంపు ఆర్మ్ మీదే, పక్కనే పెట్టాం. ఎక్కడో ఛాసిస్‌కి తగిలిస్తే కరెంటు మధ్యలో ఉన్న బేరింగుల గుండా, సిలిండర్ రాడ్డు గుండా పోతుంది. రాడ్డు మీద ఒక్క నల్ల చుక్క పడినా చాలు, కొత్త సీలుని అది రోజూ కోస్తూ ఉంటుంది.

4, 5 రోజులు

కన్నం కొలిచాను. వెర్నియరుతో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, ఏటవాలుగా రెండు. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా ఉంది, ముప్పావు మిల్లీ తేడా. ఇందులో కొత్త బుష్షు వేస్తే మూడు నెలలు వస్తుంది. ఓనరు గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "సేయించీండి" అన్నారు.

విశాఖపట్నం నుంచి లైన్ బోరింగ్ మనిషి పోర్టబుల్ మిషనుతో వచ్చాడు. కన్నంలో వెల్డు నింపి, రెండు వైపులా ఒకే వరసలో 60 మిల్లీలకి కోసి వెళ్ళాడు. ఆ పని నాది కాదు, చూస్తూ కూర్చున్నాను. ముంజలు తెప్పించాను, ఆయనే ఎక్కువ తిన్నాడు.

6వ రోజు

ఈ రోజు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చదువుకున్న కుర్రాడు ఈ రోజే మొదటిసారి నోరు తెరిచి చూశాడు.

కన్నం 60.00. కొత్త బుష్షు బయటి కొలత 60.08. అంటే కన్నం కంటే బుష్షు లావు. అలాగే ఉండాలి, లేకపోతే పట్టు ఉండదు. సమ్మెటతో కొడితే వంకరగా దిగి కొత్త కన్నాన్ని గీకుతుంది. ఉక్కు మీటరు పొడవుకి, ఒక డిగ్రీ వేడికి, 12 మైక్రాన్లు పెరుగుతుంది. షెడ్డులో 34 డిగ్రీలు. బుష్షుని మైనస్ 18కి తీసుకెళ్తే 52 డిగ్రీలు తగ్గినట్టు, 60 మిల్లీల మీద దగ్గర దగ్గర 0.037 మిల్లీ కుదించుకుంటుంది. ఆర్మ్ తలని 130 డిగ్రీలకి వేడి చేస్తే 0.069 పెరుగుతుంది. రెండూ కలిపితే 0.106. మనకి కావలసింది 0.08. మిగిలేది వెంట్రుకలో సగం కంటే తక్కువ, అదే మన సందు.

మైనస్ 18 ఎక్కడ? వీధి చివర కూల్‌డ్రింక్ కొట్టు పిన్ని ఐస్‌క్రీమ్ ఫ్రీజరులో. ముందురోజు రాత్రి బుష్షులు ప్లాస్టిక్ కవరులో చుట్టి తీసుకెళ్ళాను.

"ఏటి నాన్నా, ఐస్‌క్రీముల్లో ఇనప ముక్కలు పెడతన్నావు?"

"పొద్దున్నే పట్టుకుపోతాను పిన్నీ. ఎవరికీ అమ్మేయకు."

వేడి కొలవడానికి కుర్రాడు కరోనా నాటి నుదుటి థర్మామీటరు తెచ్చాడు. అది మనిషి జ్వరం దాటితే లెక్కే చెప్పదు. వర్క్‌షాపుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ను వేరు. దాంతో కూడా మెరిసే లోహం మీద చూస్తే తప్పు చెబుతుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మంట మసి అంటిన చోట చూడాలి.

మొదటి బుష్షు దానంతటదే జారి కూర్చుంది. ఠక్ అని చిన్న చప్పుడు. కుర్రాడు నవ్వేశాడు. రెండోది నేనే పాడుచేశాను. కవరు మంచుకి అంటుకుపోయి ఊడదీయడానికి టైం పట్టింది, మూడింట రెండు వంతులు దిగి ఆగిపోయింది. అలాంటప్పుడు పది సెకన్లలో అంతా అయిపోతుంది. బుష్షు వేడెక్కి, తల చల్లబడి, రెండూ కౌగిలించుకున్నాయి.

సమ్మెట ఎత్తలేదు. ఎం24 మర బారు కన్నం గుండా దూర్చి, రెండు వైపులా మందపాటి ప్లేట్లు పెట్టి, నట్టు తిప్పుతూ లాగాం. మొదట హార్డ్‌వేర్ కొట్లో దొరికే మామూలు బారు వాడాం. నట్టు తిరుగుతోంది, బుష్షు కదలడం లేదు. బారే సాగుతోంది. తీసి అవతల పారేసి, హైటెన్సైల్ బారు వేశాం. నేను 72 కిలోలు. మీటరు పొడవు పైపు చివర నా బరువంతా వేస్తే సుమారు 700 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత అది). ఎం24 మీద అది దాదాపు 15 టన్నుల లాగుడు. కొలిమి లేదు, ప్రెస్సు లేదు, ఒక బారు, రెండు నట్లు, నా పొట్ట.

"గన్ను పెడదామా మేస్త్రీ? తొందరగా అయిపోద్ది" అన్నాడు కుర్రాడు. వద్దన్నాను. పైపు మీద చెయ్యి ఉన్నప్పుడు బుష్షు నడుస్తోందో, వంకరపోతోందో, బారు సాగుతోందో తేడా తెలుస్తుంది. గన్నుకి అన్నీ ఒకటే. చివర బుష్షు అంచు ఆనుకోగానే పైపు రాయిలా ఆగింది. దాన్ని వాడి చేత పట్టించి చూపించాను.

7వ రోజు

బూమ్ సిలిండర్. గ్లాండు నట్టు, అంటే సిలిండర్ మూతి, ఊడలేదు. సీ (C) ఆకారం పానా జారి రెండుసార్లు వేళ్ళు గీసుకున్నాను. లోపల ఎర్ర లాకు జిగురు ఉన్నట్టుంది. అది 250 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎలాగూ లోపలి సీళ్ళు మారుస్తున్నాం కాబట్టి కాలినా ఫరవాలేదు. అయితే మంట పెట్టే ముందు సిలిండర్ రెండు నోళ్ళూ విప్పి, నూనె వంచేసి ఉంచాలి. మూసి ఉన్న సిలిండర్‌ని వేడి చేస్తే అది బాంబే. వేడికి ఊడింది.

రాడ్డు క్రోమ్ మీద రెండు చోట్ల ఉప్పు తిన్న గుంటలున్నాయి. అదృష్టం, సీలు నడిచే మేరకి అవతల, చివర్న. అంచులు మెత్తగా రుద్ది వదిలేశాను. మంచి రోజుల్లో అయితే రాడ్డు మార్చేవాణ్ణి.

కొత్త సీళ్ళని వెచ్చటి హైడ్రాలిక్ నూనెలో నానబెట్టి, వేళ్ళతో, చివర గుండ్రంగా చెక్కిన వెదురు పుల్లతో కూర్చోబెట్టాం. స్క్రూడ్రైవరుతో నెట్టకూడదు. సీలు పెదవి మీద కంటికి కనపడని గాటు పడుతుంది. 250 బార్ దగ్గర నూనె ప్రెషర్‌కి ఆ గాటు చాలు.

8వ రోజు

ఆదివారం. షెడ్డు మూసేశాం. ఇంట్లో మిక్సీ రిపేరు చెయ్యమన్నారు. చేశాను.

9వ రోజు

ఈ రోజు పొద్దున్నంతా బాగా జరిగింది, సాయంత్రం తగలబడింది.

కొత్త పిన్ను చేతితో నెడితే దిగింది. గ్రీజు కన్నాలు ఎదురెదురుగా ఉన్నాయని చూసుకుని గ్రీజు కొట్టాం. నేను హోసులు బిగిస్తుండగా వెనక నుంచి బర్రుమని గన్ను చప్పుడు, ఆ వెంటనే టిక్కుమని చిన్న చప్పుడు. చూడకుండానే తెలిసింది. లాకు బోల్టు తలకాయ కుర్రాడి సాకెట్టులో ఉంది, మొండెం కన్నంలో ఉంది.

ఎం12, 8.8 గ్రేడు (గ్రేడు అంటే బోల్టు ఉక్కు బలం) బోల్టుకి కావలసింది 85 న్యూటన్ మీటర్లు. ఆ గన్ను మీద రాసి ఉన్నది 1000. వాడు ట్రిగ్గరు నొక్కింది ఒక్క సెకనే. ఒక్క సెకను ఎక్కువే.

తిట్టలేదు. ఎందుకంటే తర్వాతి తప్పు నాదే. మొండానికి సరిగ్గా నడిమధ్యన పంచి కొట్టి, సన్న డ్రిల్లు వేసి, ఈజీ అవుట్ (విరిగిన బోల్టుని విప్పి తీసే ఎదురు మర కడ్డీ) దిగ్గొట్టి తిప్పాను. అది గాజులాంటి ఉక్కు. కాస్త పక్కకి ఒరిగేసరికి లోపలే విరిగింది. మామూలు డ్రిల్లు ఇక దాన్ని కొరకలేదు. కన్నంలో ఇప్పుడు రెండు శవాలు.

రాత్రి తొమ్మిది దాకా దాని మీదే ఉన్నాం. మొండెం మీద నట్టు పెట్టి, నట్టు కన్నంలోంచి వెల్డు నింపి, ఎర్రదనం పోయే దాకా ఆగి, పానాతో కొంచెం బిగింపు వైపు, కొంచెం విప్పే వైపు, మళ్ళీ బిగింపు వైపు. మొదటి నట్టు ఊడి వచ్చింది. రెండోదీ ఊడింది. మూడో నట్టుకి కిర్రుమని కదిలింది. ఆ కిర్రు విని కుర్రాడు నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. "నా కాళ్ళకెందుకురా, ఆ వెల్డింగు రాడ్డుకి పెట్టు" అన్నాను.

10వ రోజు

మరలు శుభ్రం చెయ్యడానికి ఎం12 ట్యాపు, మరకీ మరకీ మధ్య 1.75 మిల్లీలు, నూనె వేసి చేత్తో సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. కొత్త బోల్టు కుర్రాడి చేతికే ఇచ్చాను. గన్ను తీసి అల్మారాలో పెట్టాను. 19 రింగు పానా ఇచ్చి, కొట్టులోంచి ధాన్యం తూచే వేలాడే కాటా తెచ్చి పానా చివర తగిలించాను.

మా మేస్త్రి అనేవారు, "బోల్టు బలం సూసే పానా పొడుగు పెట్టార్రా" అని. నిజమే. 19 పానా సుమారు పావు మీటరు. దాన్ని 35 కిలోల బలంతో లాగితే 85 న్యూటన్ మీటర్లు దాటుతుంది. ఒక మనిషి నిలబడి గట్టిగా లాగే లాగుడు అంతే. పానాకి పైపు తొడిగితే ఆ లెక్క పోయింది. కాటా ముల్లు 35 దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నాను. "ఇంతేనా?" అన్నాడు. కాటా తీసేసి కళ్ళు మూసుకుని, పక్కనున్న ఇంకో బోల్టు అలాగే బిగించమన్నాను. కాటా పెట్టి చూస్తే 38. మూడుసార్లకి 34, 36, 35. చెయ్యి నేర్చుకుంటుంది, కానీ ఒకసారి ముల్లు చూపించాలి.

వెనక కింగ్‌పోస్టు (వెనక చెయ్యి పక్కలకి తిరిగే కీలు) ప్లేటు బోల్టులు కూడా ఎలాగూ చూడాలి. అవి ఎం20, 10.9 గ్రేడు, సుమారు 550 కావాలి. పెట్టిన బలం రాగానే క్లిక్కుమనే మా టార్కు రెంచి 340 దాటదు. మళ్ళీ కాటాయే. మీటరు పైపు, దానికి లంబంగా 56 కిలోల లాగుడు. ఏటవాలుగా లాగితే లెక్క తప్పు. ఎనిమిది బోల్టుల్లో మూడు అర చుట్టు తిరిగాయి. అంటే ఇన్నాళ్ళూ ఐదే మోస్తున్నాయి.

టార్కు రెంచి గురించి చెప్పాను కాబట్టి ఇదీ రాస్తాను. పని అయ్యాక స్ప్రింగుని అడుగు అంకెకి తిప్పి పెట్టాలి. దాంతో బోల్టు విప్పకూడదు. మా షెడ్డులో దాన్ని ఒకరు సుత్తిలా వాడారు. ఎవరో రాయను, ఇప్పుడు వేరే ఊళ్ళో సొంత షెడ్డు పెట్టుకున్నాడు.

11వ రోజు

ఒక రోజు ఆలస్యం. ఓనరు గారు పొద్దున్నే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఇంజను స్టార్టు చేసి, లోడు లేకుండా సిలిండర్‌ని నెమ్మదిగా ఇరవైసార్లు ఆడించాం, లోపలి గాలి పోవాలి. కుర్రాడు కొత్త హోసు జాయింటు మీద తడి ఉందేమోనని చెయ్యి చాపాడు, మణికట్టు పట్టుకుని లాగేశాను. నాతో పనిచేసిన ఒకాయన అలాగే తడిమాడు. సూది మొనంత కన్నంలోంచి వచ్చిన నూనె చర్మంలోపలికి దిగింది. పైకి చీమ కుట్టినంతే, నొప్పి కూడా లేదు. మర్నాటికి చెయ్యి వాచి నల్లబడింది, చూపుడు వేలు తీసేశారు. అలా జరిగితే గంట కూడా ఆగకుండా ఆపరేషను చేసే పెద్దాసుపత్రికి వెళ్ళాలి, లోపలికి పోయింది హైడ్రాలిక్ నూనె అని మొదటి మాటగా చెప్పాలి. కారుతోందేమో చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

అట్టముక్క పెట్టాం. పొడిగానే ఉంది. కానీ బూమ్ సిలిండర్ కింది జాయింటు దగ్గర పది నిమిషాలకి ఒక చుక్క. ఓ-రింగు మార్చాం, ఆగింది.

తర్వాత బకెట్టు పట్టుకుని ఊపి చూడమని ఓనరు గారినే పిలిచాను. ఊపారు. రెండు చేతులా పట్టి మళ్ళీ ఊపారు.

"కదల్దేటి మేస్త్రీ?"

"కదలకూడదు బాబూ."

ఆపరేటరుకి చెప్పినవి: కొత్త పిన్నుకి మొదటి వారం రోజుకి రెండుసార్లు గ్రీజు, పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చే దాకా. ఎం20 బోల్టులు యాభై గంటలయ్యాక మళ్ళీ చూడాలి, అందుకు బండి ఇక్కడికి తేవాలి. చెట్లు పక్కకి లాగొద్దు. మూడోదానికి తల ఊపాడు గానీ, మళ్ళీ తుపాను వస్తే ఏం చేస్తాడో ఇద్దరికీ తెలుసు.

బండి హైవే ఎక్కాక కుర్రాడు అల్మారా తాళం అడిగాడు. గన్ను కోసం అనుకున్నాను. కాటా తీసుకుని, మూల పడి ఉన్న ట్రాక్టరు చక్రం దగ్గరికి వెళ్ళాడు.

పిన్నికి రెండు ఐస్‌క్రీముల డబ్బులు బాకీ. రేపు ఇవ్వాలి.